కొర్రమీనుకు లేని చెయ్యి

త్రిపురారం నుంచి మిర్యాలగూడ దాకా సాగర్ ఎడమ కాలువ కింద వ్యవసాయం చేసే రైతులకు కొర్రమీను గట్టు దాటడం వింతేమీ కాదు. మృగశిర కార్తె వానలు పడి కొత్తనీరు కదలగానే ఈ చేప తడి గట్టు మీదికి ఎగబాకుతుంది. ఒళ్ళు వంకర్లు తిప్పుకుంటూ పాకి, పక్క మడిలో పడుతుంది. 2016లో తెలంగాణ దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. బజార్లో తడిపిన గోనెపట్టా కింద గంటల తరబడి బతికే ఉంటుంది. దీని తలలో మొప్పల పైన గాలి పీల్చుకోవడానికి ఒక గది ఉంది. మధ్యమధ్య పైకి వచ్చి ఒక గుటక గాలి మింగి మళ్ళీ కిందికి పోతుంది.

ఇంత చూశాక ఎవరికైనా ఒక ఊహ వస్తుంది. చేపకు కాళ్ళు ఇలాగే వచ్చి ఉంటాయి కదా! ఎండాకాలం చెరువు ఇంకిపోతుంది, చేప ఇంకో గుంట వెతుక్కుంటూ నేల మీద పాకుతుంది, పాకగా పాకగా తరతరాలకు రెక్క కాలిగా మారుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాకు చెందిన ఆల్ఫ్రెడ్ రోమర్ వంటి మహా పండితుడు కూడా దాదాపు ఇదే చెప్పాడు. ఆయన పుస్తకాలు చదువుకుని రెండు మూడు తరాల విద్యార్థులు పెరిగారు. ఆ కథ ఎక్కడ నిలబడింది, ఎక్కడ కూలింది అన్నదే ఈ చిక్కుముడి. దీనికి సంబంధించిన పాత ఆధారాల్లో ఒకటి మన తెలంగాణ ఎర్రమట్టిలో దొరికింది.

ముందు కొర్రమీను దగ్గరే ఆగుదాం. ఈసారి ఇంట్లో చేప కోసేటప్పుడు మొప్ప వెనకాల ఉండే పక్క రెక్కను మొదలంటా కోసి, చర్మం ఒలిచి చూడండి. విసనకర్ర పుల్లల్లాగా సన్నని ముళ్ళు వరసగా ఉంటాయి. వాటి మొదట్లో గోరంత కూడా లేని చిన్న చిన్న ఎముకలు నాలుగు, వాటి వెనక భుజం పట్టీ. అంతే. ఇప్పుడు మీ చెయ్యి తడుముకోండి. భుజం నుంచి మోచేతి దాకా ఒకే ఎముక. మోచేతి నుంచి మణికట్టు దాకా రెండు. మణికట్టులో గులకరాళ్ళలాంటి చిన్న ఎముకల గుంపు. ఆ తర్వాత వేళ్ళు. కప్ప కాలైనా, గబ్బిలం రెక్కయినా, ఎద్దు ముందుకాలైనా ఇదే లెక్క. ఈ పోలికను రిచర్డ్ ఓవెన్ 1849లోనే ఒక పుస్తకంగా వివరించాడు. కొర్రమీను రెక్కలో ఈ లెక్క మొదలే కాలేదు. మన భుజం నుంచి మోచేతి దాకా ఉన్న ఎముకకు సాటివచ్చే ఎముక దానికి లేదు. గాలి పీలుస్తుంది, నేల మీద పాకుతుంది, అయినా దాని వంశంలో చెయ్యి రాలేదు. మన వైపు దొరికే బొచ్చె, రవ్వు, జెల్ల కూడా ఈ ముళ్ళ రెక్కల వంశానివే.

కాబట్టి నేల మీద పాకినంత మాత్రాన కాలు రాదు. ఇది మొదటి ఆధారం. మరి చేయి వచ్చిన చేప ఏది?

దాన్ని ఉమ్మడి నల్లగొండ జిల్లా రాళ్ళలో వెతికి లాభం లేదు. త్రిపురారం కింద ఉన్నది జీవం సూక్ష్మరూపంలో ఉన్న కాలంనాటి గ్రానైటు. వాడపల్లి, మట్టంపల్లి సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వే సున్నపురాయి కూడా చేపలు పుట్టకముందు సముద్రం అడుగున పేరుకున్నదే. చేపల జాడ కావాలంటే ఉత్తరానికి, ప్రాణహిత గోదావరి లోయకు పోవాలి.

ఆసిఫాబాద్ ప్రాంతంలో మలేరి అనే ఊరుంది. ఆ చుట్టుపక్కల ఎర్రటి బంకమన్ను, మధ్యమధ్య ఇసుకరాయి, సున్నపు గుళికలు గట్టిపడ్డ రాతి పొరలు కనిపిస్తాయి. నాగపూర్‌లో ఉంటూ రాళ్ళూ శిలాజాలూ వెతికిన స్కాట్లాండ్ మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ కృషి వల్ల మలేరి శిలాజాల సంగతి శాస్త్రలోకానికి తెలిసింది. అక్కడి వింత పళ్ళ మీద భారత భూగర్భ సర్వే తొలి అధిపతి థామస్ ఓల్డ్‌హామ్ 1859లో ఒక వ్యాసం అచ్చువేశాడు. ఊరి పేరును ‘మలేది’ అని రాసి, ‘నాగపూర్‌కు దక్షిణాన’ అని గుర్తు చెప్పాడు. నిజాం రాజ్యంలోని ఒక మారుమూల ఊరు అలా లండన్, బెర్లిన్ పండితుల నోళ్ళలో నానింది.

ఆ పన్ను మామూలు పన్నులా ఉండదు. పలకలా ఉంటుంది. ఒక అంచు నుంచి నాలుగైదు గట్టి కణుపులు విచ్చుకున్నట్టు బయటికి సాగి, అవతలి అంచున మొనలు దేలి ఉంటాయి. పైభాగం నున్నగా, చిన్న చిన్న గుంటలతో మెరుస్తుంది. కొరకడానికి పనికిరాదు. గుల్లలనూ నత్తలనూ నలిపి నమలడానికి సరిగ్గా సరిపోతుంది. ఇలాంటి పళ్ళు యూరప్‌లో ట్రయాసిక్ అనే ప్రాచీన యుగపు పొరల్లో అంతకుముందే దొరికాయి. లూయీ అగాసిజ్ 1830లలో వాటికి సెరటోడస్ అని పేరుపెట్టి, సొరచేపల దగ్గరి బంధువుగా లెక్కగట్టాడు. పళ్ళు తప్ప ఒళ్ళు చేతికి దొరకని రోజులవి. ఓల్డ్‌హామ్ మలేరి పళ్ళను కూడా ఆ జాతిలోనే చేర్చి, ఒక రకానికి హిస్లాప్ పేరు పెట్టాడు. నాలుగేళ్ళ తర్వాత, 1863లో, హిస్లాప్ నాగపూర్ దగ్గర పొంగుతున్న వాగు దాటబోయి మునిగి చనిపోయాడు. తాను వెలుగులోకి తెచ్చిన పళ్ళు ఏ జంతువువో తెలియకుండానే పోయాడు.

ఆ జవాబు ఏడేళ్ళ తర్వాత ఆస్ట్రేలియాలో దొరికింది. ఈ కథనంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇది. సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియం క్యురేటర్ జెరార్డ్ క్రెఫ్ట్‌కు విలియం ఫార్‌స్టర్ అనే పెద్దమనిషి పరిచయం. న్యూ సౌత్ వేల్స్ ప్రధానిగా కూడా చేసినవాడు. ఉత్తరాన నదుల్లో పెద్ద పొలుసుల చేప ఒకటి ఉందని, అది మామూలు చేపలా లేదని ఆయన చాలా రోజుల నుంచి చెబుతున్నాడు. క్రెఫ్ట్ నమ్మలేదు. బర్నెట్ నది ఒడ్డున కాపురమున్నవాళ్ళు మాత్రం దాన్ని పట్టి కూర వండుకుని తినేవాళ్ళు. మాంసం గులాబీ రంగులో ఉంటుందని ‘బర్నెట్ సాల్మన్’ అనేవాళ్ళు. చివరికి 1870 జనవరిలో ఆ చేప మ్యూజియానికి వచ్చింది. క్రెఫ్ట్ నోరు తెరిచి పళ్ళు చూశాడు. అవే పలకలు, అవే కణుపులు. కోట్ల ఏళ్ళ కింద అంతరించిందని పండితులందరూ రాసిపెట్టిన సెరటోడస్ పళ్ళు, అప్పుడే నదిలోంచి తీసిన చేప నోట్లో ఉన్నాయి. అదే నెలలో సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్ పత్రికకు రాసి లోకానికి చెప్పాడు. ఇన్నాళ్ళూ తాను నమ్మని ఫార్‌స్టర్ పేరునే ఆ చేపకు పెట్టాడు. దాన్ని ఇప్పుడు నియోసెరటోడస్ ఫార్‌స్టెరి అంటున్నారు.

క్రెఫ్ట్ దాన్ని చేప అనడానికి కూడా జంకాడు. పెద్ద ఉభయచరం అని రాశాడు. ఆ తడబాటుకు కారణం ఉంది. దానికి మొప్పలతో పాటు నిజమైన ఊపిరితిత్తి ఉంది. రెక్కలు ముళ్ళ విసనకర్రల్లా లేవు, కండపట్టి ఆకు ఆకారంలో ఉన్నాయి. రెక్క లోపల నడుమ ఒక ఇరుసు, దానికి రెండు పక్కలా కొమ్మలు. ఆ ఇరుసు మొదట్లో భుజానికి అతుక్కుని ఉన్నది ఒకే ఒక్క ముక్క.

ఒకటి! మన భుజం నుంచి మోచేతి దాకా ఉన్న ఎముకకు సాటివచ్చేది అదే. మలేరి పళ్ళ వెనకున్న ఒళ్ళు ఎలాంటిదో అప్పుడు తెలిసింది. కొర్రమీనుకు లేని చెయ్యి ఆ చేపలో మొలక దశలో ఉంది.

జర్మన్ శరీర నిర్మాణ పండితుడు కార్ల్ గెగెన్‌బౌర్ ఈ రెక్కను చూసి పొంగిపోయాడు. అన్ని రెక్కలకూ, అన్ని కాళ్ళకూ ఇదే మూలరూపమని ఒక పెద్ద సిద్ధాంతం కట్టాడు. అంత దూరం పోవడం తొందరపాటే. ఊపిరితిత్తుల చేప రెక్క తన దారిన తాను మారిన రెక్క. మన వేళ్ళకు సాటివచ్చేదేదో దానిలో చూపించడం కష్టం. ఆ సిద్ధాంతం మీద యూరప్‌లో దశాబ్దాలు కొట్లాడుకున్నారు. నిలిచింది ఒక్కటే: చెయ్యి పుట్టుక కోసం వెతకవలసింది కండరెక్కల చేపల వంశంలో.

ఆ వంశంలో కెనడాలోని మిగువాషా కొండల్లో యూస్తెనాప్టెరాన్ అనే శిలాజం దొరికింది. సుమారు 38 కోట్ల ఏళ్ళ నాటిది. దాని రెక్కలో భుజానికి ఒకటి, ఆ పైన రెండు, ఆ తర్వాత చిన్నవి. లెక్క కుదిరింది, వేళ్ళు మాత్రం లేవు. 1931లో స్వీడన్‌కు చెందిన యువకుడు గున్నార్ సావె-సోదర్‌బెర్గ్ గ్రీన్‌లాండ్ కొండల్లో ఇక్తియోస్టెగా అనే జంతువును కనుక్కున్నాడు. దానికి కాళ్ళున్నాయి, తోక మాత్రం చేపదే. ఈ రెంటి నడుమ ఖాళీలో రోమర్ తన ఎండిన చెరువు కథను నింపాడు. ఆ కాలపు రాళ్ళు చాలాచోట్ల ఎర్రగా ఉంటాయి, ఎర్రమట్టి కరువుకు గుర్తనుకున్నారు. మే నెలలో బీటలువారిన చెరువు చూసిన మనకు ఆ కథ ఇట్టే ఎక్కుతుంది. అందుకే దాన్ని గట్టిగా పరీక్షించాలి.

పరీక్ష పెట్టింది శిలాజ పరిశోధకురాలు జెన్నీ క్లాక్. కేంబ్రిడ్జ్‌లో జాన్ నికల్సన్ అనే విద్యార్థి 1970లో గ్రీన్‌లాండ్ నుంచి రాళ్ళు తెచ్చి, ఏ కొండ మీద ఎంత ఎత్తున పుర్రెలు కనిపించాయో నోటు పుస్తకంలో రాసిపెట్టాడు. ఆ రాళ్ళూ పుస్తకమూ ఎవరూ పట్టించుకోకుండా పడి ఉన్నాయి. క్లాక్ వాటిని చదివి, 1987లో ఆ కొండకే వెళ్ళింది. అకాంతోస్టెగా అనే జంతువు ఎముకలు అక్కడ కుప్పగా దొరికాయి. అంతకుముందు తెలిసినది దాని పుర్రె ముక్కలే. ఇప్పుడు దాదాపు మొత్తం ఒళ్ళు చేతికొచ్చింది.

రాయిని ముల్లుతో గీకుతూ ముందుకాలును బయటికి తీస్తుంటే వేళ్ళు ఒక్కొక్కటే కనిపించసాగాయి. ఐదు దగ్గర ఆగలేదు. ఎనిమిది తేలాయి. 1990లో మైకేల్ కోట్స్, క్లాక్ కలిసి దీన్ని ప్రకటించారు. ఇక్తియోస్టెగా వెనకకాలికి ఏడు వేళ్ళున్నాయని కూడా అప్పుడే తేలింది. ఐదు వేళ్ళు మొదటినుంచీ ఉన్నాయన్న నమ్మకం అక్కడితో పోయింది. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి. అకాంతోస్టెగాకు చేపలకుండేలాంటి లోపలి మొప్పలున్నాయి. తోక పొడవునా ఈత రెక్క ఉంది. ఆ ముందుకాలు తెడ్డులా పక్కకు చాచి ఉంది, ఒంటి బరువును నేల మీద మోసే మణికట్టు దానికి లేదు. అంటే వేళ్ళున్న కాళ్ళు వచ్చాక కూడా ఆ జంతువు నీళ్ళలోనే కాపురముంది.

రోమర్ కథ తలకిందులైంది. నేల మీదికి వచ్చాక కాళ్ళు రాలేదు. కాళ్ళు నీళ్ళలో వచ్చాయి, నేల మీదికి రావడం తర్వాతి మాట. లోతు తక్కువ నీళ్ళు, అడుగున కలుపు, పడిన కొమ్మలు, బురద. అలాంటి చోట ఈదడం కన్నా అడుగును తన్ని ముందుకు పోవడం, కలుపును తోసుకుని పోవడం, కదలకుండా ఆనుకుని ఎరకోసం కాచుకోవడం లాభం. నా మట్టుకు నాకు ఈ తీర్పు ఖాయం. కొర్రమీను కూడా దీన్ని ఇంకో వైపు నుంచి బలపరుస్తుంది. నేల దాటడానికి కాలు అక్కర్లేదు, కాలు పుట్టడానికి నేల అక్కర్లేదు.

ఆ తర్వాతి ఆధారం వెతికి పట్టుకున్నది. చేప 38 కోట్ల ఏళ్ళ దగ్గర, కాళ్ళ జంతువు 36 కోట్ల చిల్లర దగ్గర. మరి నడిమిది 37 కోట్ల చిల్లర రాళ్ళలో ఉండాలి. నీల్ షూబిన్, టెడ్ డేష్‌లర్ అనే శిలాజ పరిశోధకులు ఒక పాఠ్యపుస్తకంలోని పటం చూసి, ఆ వయసున్న నదీ రాళ్ళు కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో ఉన్నాయని గుర్తించారు. 1999 నుంచి ఆ మంచు దేశానికి పోయివచ్చారు. 2004లో కొండచరియలోంచి బయటికి పొడుచుకొచ్చిన ఒక చదునైన ముట్టె కనిపించింది. 2006లో ప్రకటించిన ఆ జంతువే టిక్‌టాలిక్. వయసు సుమారు 37.5 కోట్ల ఏళ్ళు. ఒంటి మీద పొలుసులున్నాయి, రెక్క అంచున ముళ్ళున్నాయి. తల మాత్రం మొసలి తలలా బల్లపరుపుగా, ఒంటికి అతుక్కోకుండా మెడ మీద తిరిగేలా ఉంది. రెక్క లోపల భుజానికి ఒకటి, ఆ పైన రెండు, ఆ తర్వాత మణికట్టు లాంటి కీళ్ళు. ఆ రెక్కను అడుగుకు ఆనించి ముందు భాగాన్ని పైకెత్తగలదు. 2020లో మిగువాషా నుంచే వచ్చిన ఎల్పిస్టోస్టెగే శిలాజంలో రెక్క ముళ్ళ లోపల వేళ్ళ వరసలు కూడా చూపించారు. బయటికి రెక్క, లోపల చెయ్యి.

ఇక ముడి విడిపోయిందనుకునే లోపు 2010లో పోలండ్ నుంచి ఇంకో చిక్కు వచ్చింది. జకెల్మియె అనే చోట ఒక పాత క్వారీలో అడుగుజాడలు దొరికాయని ప్రకటించారు. వయసు 39 కోట్ల ఏళ్ళకు పైమాటే, అంటే టిక్‌టాలిక్ కన్నా పాతవి. అవి నిజంగా కాళ్ళ గుర్తులే అయితే, టిక్‌టాలిక్ నాటికే దాని దాయాదులు కొందరు నడుస్తున్నారని అర్థం. అవి చేపలు తవ్విన గుంటలని వాదించేవాళ్ళూ ఉన్నారు. ఆ తగవు ఇంకా తెగలేదు. టిక్‌టాలిక్‌ను మన తాతగా కాక, ఆ తాత ఎలా ఉండేవాడో చూపించే దాయాదిగా లెక్కపెట్టడం మంచిది.

రాళ్ళు చెప్పలేని మాట కొంత బతికున్న చేపలు చెప్పాయి. 2011లో షికాగోలో హెదర్ కింగ్ బృందం ఆఫ్రికా ఊపిరితిత్తుల చేపను తొట్టిలో పెట్టి వీడియో తీసింది. దారంలా సన్నగా ఉన్న వెనక రెక్కలతో అది అడుగును తన్నుతూ, ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ నడిచింది. వేలు లేదు, పాదం లేదు, అయినా నీళ్ళ అడుగున నడక ఉంది. 2016లో షూబిన్ ప్రయోగశాలలోనే జీబ్రాచేపలో హాక్స్ 13 జన్యువులను పనిచేయకుండా చేశారు. ఎలుకలో ఆ జన్యువులు పోతే పాదం, వేళ్ళు ఏర్పడవు. జీబ్రాచేపలో రెక్క ముళ్ళు కురచబారి, మొదట్లోని చిన్న ఎముకలు పెరిగాయి. ముల్లు కట్టే కణాలూ వేలు కట్టే కణాలూ ఒకే జన్యువుల మాట వింటున్నాయన్నమాట. 2021లో హార్వర్డ్ పరిశోధకులు ఇంకో రెండు జన్యువుల్లో ఒక్కొక్క చిన్న మార్పుతో జీబ్రాచేప రెక్కలో అదనంగా పొడవాటి ఎముకలు రావడం చూపించారు. వాటికి కీళ్ళు, కండరాలు కూడా అమరాయి. ముళ్ళ రెక్కల వంశంలో కూడా ఆ శక్తి నిద్రపోతూనే ఉంది. మన కొర్రమీనూ జీబ్రాచేపా ఆ వంశంలోవే కదా.

అదే 2021లో బర్నెట్ నది చేప జన్యుసముదాయం మొత్తం చదివేశారు. అది మనిషి జన్యుసముదాయం కన్నా 14 రెట్లు పెద్దది. బతికున్న చేపల్లో మనకు అందరికన్నా దగ్గరి చుట్టం ఊపిరితిత్తుల చేపేనని మళ్ళీ ఖాయమైంది. క్రెఫ్ట్ తడబాటులో నిజం ఉందన్నమాట.

ఇప్పుడు మలేరికి తిరిగి చూస్తే ఆ ఎర్రమట్టి ఇంకోలా కనిపిస్తుంది. అది సుమారు 22 కోట్ల ఏళ్ళ కిందటిది. అప్పటికి కాళ్ళు పుట్టి 14 కోట్ల ఏళ్ళు దాటింది. ఆ మట్టిని తెచ్చిన నదుల్లో ఆ పళ్ళ చేపతో పాటు చదునైన తలల పెద్ద ఉభయచరాలు తిరిగేవి. వాటిలో ఒకదాన్ని భారత గణాంక సంస్థకు చెందిన తపన్ రాయ్‌చౌధురి 1965లో మలేరి పేరుతోనే వివరించాడు. దాన్నిప్పుడు పంథాసారస్ మలేరియెన్సిస్ అంటున్నారు. కాళ్ళున్న జంతువూ, కాళ్ళు రాని దాయాదీ ఒకే నీళ్ళలో ఈదాయి. ఒకే వంశం, రెండు దారులు. చేప ‘వెనకబడింది’ అనడం సరికాదు. దాని దారి కూడా ఇవాళ్టి దాకా సాగుతూనే ఉంది. మలేరి మట్టికి కొంచెం పైనున్న కోట పొరల్లో మూడో చుట్టం కూడా ఉంది. 1938లో దక్షిణాఫ్రికా తీరంలో బతికి దొరికి లోకాన్ని నివ్వెరపరిచిన సీలకాంత్ అనే కండరెక్కల చేప వంశానిదే అది. సోహన్‌లాల్ జైన్ 1974లో దాన్ని ఇండోసీలకాంతస్ అని పేరుపెట్టి ప్రకటించాడు. భారతదేశంలో బయటపడ్డ తొలి సీలకాంత్ శిలాజం అదే.

ఆసిఫాబాద్ అనగానే మనకు కొమురం భీం గుర్తొస్తాడు, రావాలి కూడా. ఈ పళ్ళు కూడా గుర్తు రావాలని నా కోరిక. ఆ ప్రాంతంలో వాన కడిగిన ఎర్రమట్టిలో, వాగు గండిలో, కణుపుల పలకలాంటి నున్నని రాయి ఎవరికైనా కనిపిస్తే తవ్వి ముక్కలు చేయకండి, బేరం పెట్టకండి. ఉన్నచోటే ఫొటో తీసి, ఊరి పేరు, గుర్తు రాసుకుని, హైదరాబాద్ బండ్లగూడలోని భూగర్భ సర్వే కార్యాలయానికి చెప్పండి. ఏ పొరలో దొరికిందో తెలియకపోతే శిలాజం సగం కథ పోయినట్టే.